మలక్కా రేవు – కళింగశబ్ద విచారము

మలయద్వీపకల్పముయొక్క పడమటితీరమున, సుమత్రాద్వీపమున కెదురుగా, మలక్కా యను పట్టణము గలదు. క్రీ. శ. 15వ శతాబ్దియందుఁ జీనాసముద్రమునుండి వచ్చు నోడలును, హిందూమహాసముద్రమునుండి వచ్చు నోడలును దఱచుగా నీ రేవునందే కలిసికొనుచుండెను. నేఁడు పెద్దవర్తకపుటోడలు సింగపూరునకును, క్లాంగు రేవునకును బోవుచున్నవి. మలక్కా యొక పూఁటలోఁ గాలినడకను జుట్టిరాఁదగిన ప్రాఁతపట్టణమై మిగిలినది. 2008వ సంవత్సరమున దీనిని జార్జిటౌనుతోఁ గూడఁ బ్రపంచవారసత్వస్థానముగా నైక్యరాజ్యసమితికిఁ జెందిన విద్యాసంస్థ పరిగణించినది. అప్పటినుండి దర్శనార్థులు పెరిఁగిరి. మార్గదర్శకులు వారి నేటిమొగనుండి కొండమీఁదికిని, కొండనుండి వంతెన దాఁటి వర్తకవీథులకును నడిపించి, రాజుల కథలను, కోటల కథలను జెప్పుచుందురు.

ఈ నడకలోఁ దెలుఁగు యాత్రికుని చెవి నొకమాట పలుమాఱు సోఁకును. అచ్చట నొకపేట పేరు కంపుంగ్ క్లింగ్. అందలి మసీదు క్లింగు మసీదు. క్లింగుశబ్దము కళింగశబ్దభవమని విన్నంతనే, మలక్కావర్తకమంతయు మన పూర్వులదే యని సంతసించువారు గలరు. ఆ సంతోష మెంతవఱకు సహేతుకమో పరీక్షించుటయు, పరదేశీయుల కంతటి నెలవైన రేవు ఏ గుణముచే వృద్ధినొందెనో, ఏ దోషముచేఁ జెడెనో యరయుటయు నీ వ్యాసమునకుఁ బ్రయోజనములు. విచారము నడకక్రమమునే యనుసరించును.

1. ఏటిమొగ

నడక మలక్కానది సముద్రమునఁ గలియు తావున నారంభమగును. ఏఱు పెద్దది గాదు. కాని యోడల కిది యెంతయు ననుకూలమైన చోటు. వైశాఖజ్యేష్ఠములనుండి వీచు నైరృతిపవనముచే హిందూదేశపుటోడ లిటకుఁ జేరును. మార్గశీర్షమునుండి వీచు నీశాన్యపవనముచే నవి మరలిపోవును. చీనాదేశపు టోడలకు నియమము దీనికి విపరీతము. ఈశాన్యపవనమున వచ్చి నైరృతిపవనమునఁ బోవలయును. కావున రెండుదిక్కుల వర్తకులును గాలి మాఱువఱకుఁ గొన్నినెల లీతీరమున నిలువక తప్పదు. నిలిచినవానికి వసతి, కొట్టు, అంగడి, దేవళము, వివాదము వచ్చినచో న్యాయాధికారి కావలయును. వాయుధర్మమే యిచ్చట నగరధర్మమునకు మూలమైనది.

నగరస్థాపకుఁడు పరమేశ్వరుఁడు. ఇతఁడు సుమత్రాద్వీపమునందలి పాలెంబాంగు రాజవంశమువాఁడు; తుమాసికమున, అనఁగా నేఁటి సింగపూరున, కొంతకాల ముండి, యచట నిలువలేక, క్రీ. శ. 1400 ప్రాంతమున నిటకు వచ్చెను. మలయరాజుల చరిత్రమగు సెజారహ్ మెలాయు అను గ్రంథమున నొక కథ కలదు. రాజు వేఁటాడుచు నొకచెట్టునీడ నిలిచియుండఁగా, నాతని వేఁటకుక్క నొక చిన్నజింక కాలితోఁ దన్ని నీటఁ బడవైచెనఁట. జింకలుసైత మింత శౌర్యము గలవైన నేలయే నగరమునకుఁ దగినదని తలఁచి, రాజు తాను నిలిచిన చెట్టు పేరడిగెను. అది మెలాక యని చెప్పిరి. అదియే యూరిపేరయ్యెను.

మార్గదర్శకు లీకథను జెప్పి యంతటితో విడుతురు. శబ్దశాస్త్రము నెఱిఁగినవారి కిట నొక విశేషము గలదు. మెలాక యన్నది మన యుసిరికచెట్టే. సంస్కృతమున దాని నామము ఆమలకము. మొదటి యచ్చు లోపింపఁగా మిగిలినది మలకము. ఇట్టి యాద్యచ్చు లోపము ప్రాకృతములలోఁ గ్రొత్తది కాదు. అరణ్యశబ్దమునందు మొదటి యకారమునకు లోపమును వరరుచి సూత్రించియున్నాఁడు. హిందీభాషలో ఆంవ్లా యనుటయు నీ యామలకమే. కూడలి యను నర్థముగల యొక యరబ్బుపదమునుండి యీనామము వచ్చెనని కొందఱందురు. చెట్టు ప్రత్యక్షముగ నుండి, పేరు సుగమముగ సాధింపఁదగియుండఁగా, దూరాన్వయ మనావశ్యకము.

1403వ సంవత్సరమున మింగు చక్రవర్తి దూత యిన్ చింగ్ మలక్కాకు వచ్చెను. 1405 మొదలు 1433 వఱకు నేడుమాఱులు సముద్రయాత్ర చేసిన జెంగ్ హే యొక్క నావికాదళమున కిది విడిదియయ్యెను. 1411లోఁ బరమేశ్వరుఁడు స్వయముగాఁ జీనాకుఁ బోయి చక్రవర్తిని దర్శించెను. అంతకుఁ బూర్వము సయాము రాజునకు వెఱచిన చిన్నయూరు, చీనాచక్రవర్తి యాదరమువలన నిర్భయముగా నిలిచినది.

2. రేవునధికారులు

ఏటియొడ్డున నడచునపుడు సుంకపుశాల యుండిన తావులఁ జూపుదురు. కట్టడములు పోయినవి గాని, వానియందు జరిగిన పద్ధతి గ్రంథములందు నిలిచినది. 1512 మొదలు 1515 వఱకు మలక్కాయందు వసించి గ్రంథము వ్రాసిన తొమే పిరెష్ అను పోర్చుగీసు, ఈ రేవున 84 భాషలు వినవచ్చెడివని చెప్పెను. ఇందఱికి నొక్కఁడే యధికారి చాలఁడు. కావున మలక్కాసుల్తానులు నలుగురు షాబందరులను నియమించిరి. షాబందరనఁగా రేవునకు నాయకుఁడు, పారసీకపదము. మచిలీపట్టణమును బందరని పిలుచు తెలుఁగువారి కీపద మపరిచితము గాదు. వీరిలో నొకఁడు గూర్జరులకు. వారు సంఖ్యచే నధికులు. ఒకఁడు క్లింగులకును, వంగీయులకును, పెగూవారికిని, సుమత్రాయందలి పాసైవారికిని. ఒకఁడు జావా, మొలుక్కా, బాందా మొదలగు ద్వీపములవారికి. ఒకఁడు చీనావారికిని, చంపావారికిని, ల్యూక్యూ ద్వీపములవారికిని. ఓడ వచ్చినతోడనే తనవారి షాబందరు నాఖుదాను గలిసికొని, బెందహారయెదుటికిఁ గొనిపోయి, సరకు నుంచఁ గొట్టు నేర్పఱచి, మోయుట కేనుఁగుల నిప్పించుచుండెను.

సుంకమునందును వివేచన ముండెను. పడమటినుండి వచ్చువారు నూటి కాఱు చొప్పునఁ జెల్లింతురు. ఊరఁ గాపురముండువారికి నూటికి మూఁడే. తూర్పునుండి వచ్చు చీనా మొదలగువారు సుంకము లేక కానుకల నర్పింతురు. సరకు వెలకట్టుటకుఁ బదిమందియో, యిరువదిమందియో వర్తకులు గుమిగూడి, యోడవానితో బేరమాడి వెల నిర్ణయించి, పిదప సరకును దమలోఁ దాము వంతులుగాఁ బంచుకొందురు. ఒక్కఁడే కొని యోడవానిని వంచించుటకును, ఓడవాఁ డొకనికి మఱుఁగుపఱచి వేఱొకని కమ్ముటకును వీలులేదు. మలక్కా సముద్రధర్మములను గ్రంథమున, నడిసముద్రమున నాఖుదాయే రాజని చెప్పి, రేవుచేరిన పిదప నాఖుదా మొదట నాలుగు దినములును, వానివెనుక నోడలోని వర్తకులు రెండు దినములును దమ సరకుల నమ్ముకొనవలెనని, యాపైని దక్కినవారని క్రమము విధించిరి.

ఈ వ్యవస్థయందలి పేళ్లు పరిశీలింపఁదగినవి. ప్రధానామాత్యుఁడు బెందహార, ఇది భాండారశబ్దమునుండి వచ్చినది. నావికాసేనాపతి లక్సమాన, రామానుజుఁడైన లక్ష్మణుని నామమే. మలయభాషలో వెలకు హర్గ యనుట సంస్కృతమందలి అర్ఘము; లాభమునకు లాబ; సాక్షికి సాక్సి; ప్రత్తికి కాపస్, అనఁగాఁ గార్పాసము. సరకుఁదూనికలలోఁ బెద్దదియగు బహార్ అన్నది భారశబ్దమే. మన బారువయు దానినుండియే పుట్టినది. కొలువుపేళ్లలోఁ గొన్నియు, బజారుమాటలలోఁ బెక్కులును మనదేశమునుండి పోయినవే. అట్లని యచ్చటివారు స్వయముగా నేమియు నెఱుఁగరని తలఁపరాదు. పదములు మనవి, వానితోఁ గట్టిన వ్యవస్థ వారిది.

ఇట్టి తలంపు తెలుఁగుదేశమున నంతకుఁ బూర్వమే యుండెను. కాకతీయ గణపతిదేవుఁడు శా. శ. 1166లో, అనఁగాఁ గ్రీ. శ. 1244-45లో, మోటుపల్లియందు వేయించిన యభయశాసనము ప్రసిద్ధము. గాలివానకుఁ జిక్కి యొడ్డునఁ బడిన యోడలలోని సొమ్మును బూర్వరాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరి. ప్రాణములకంటె ధనము ప్రియమైనదని తెలిసి, దయతలఁచి, గణపతిదేవుఁ డాదురాచారమును మాన్పి, నిర్ణీతసుంకము ముప్పదింట నొకపాలు దక్క నన్యము గొననని సముద్రవర్తకుల కభయమొసఁగెను. 1358లో రెడ్డిరాజగు ననపోతభూపాలుఁడును నచ్చటనే యట్టి యభయమును మరల నిచ్చెను. మోటుపల్లి శాసనమును మలక్కా ధర్మములును నొకదానిఁ జూచి యొకటి పుట్టినవని చెప్పుట కాధారము లేదు. కాని రెంటియందలి తత్త్వ మొక్కటే. రేవునకుఁ బ్రాణము నీటిలోఁతు మాత్రము గాదు. పరదేశి తన సొమ్ము తనకే దక్కునని నమ్ముట.

3. కొండమీఁది తీర్పు

ఏటియొడ్డునుండి యెఱ్ఱని కట్టడముల నడుమఁగాఁ గొండకు దారి. ఈ కట్టడములు ఒలందావారివి. 1650 ప్రాంతమునఁ గట్టిన స్తాదహైసు అను కచ్చేరియు, 1753లో ముగిసిన చర్చియు నిచ్చట నున్నవి. మొదట నివి తెల్లనివి. ఎఱ్ఱరంగు ఆంగ్లేయుల కాలమునాఁటిది. వెనుకనున్న కొండమీఁద సుల్తానుల నగరుండెను. నేఁ డచట మొండిగోడల చర్చి మాత్రము నిలిచినది. 1521లోఁ బోర్చుగీసు లక్కడఁ బ్రార్థనాలయమును గట్టిరి. ఫ్రాంసిసు జేవియరు కళేబరమును గోవాకుఁ గొనిపోవుటకు ముందు 1553లో నందే యుంచిరి.

మార్గదర్శకు లీకొండమీఁద 1511 నాఁటి యుద్ధమును వర్ణింతురు. పోర్చుగీసుల ఫిరంగులచే మలక్కా పడెనని చెప్పుట సత్యమే. కాని మలయచరిత్రకారుఁడు దానికి ముందు జరిగిన యొక వ్యవహారమును వ్రాసెను. ఫిరంగులకంటె నదియే యెక్కువ విచారింపఁదగినది.

సుల్తాను మహమూదుషా కాలమున టున్ ముతాహిర్ అనువాఁడు బెందహార. ఇతని పితామహుఁడు మణిపురిందన్ అనువాఁడు కళింగభూమినుండి వచ్చి మలక్కాయందు నిలిచినవాఁడని సెజారహ్ మెలాయు చెప్పును. ఆ కాలముననే వర్తకుల పెద్దయగు నీనా సూరదేవనకును, షాబందరగు రాజా మూదలియారునకును వ్యాజ్య మొకటి పుట్టినది. ఇరువురు బెందహారయెదుటికి వచ్చిరి. ప్రొద్దుక్రుంకుటచే నాఁడు తీర్పు జరుగలేదు. కితూల్ అను నొకఁడు సూరదేవనకు ఋణపడియుండెను. వాఁడు రాత్రివేళఁ బోయి, ప్రతివాది బెందహారకు బంగార మర్పించెనని సూరదేవనకు బొంకెను. సూరదేవన భయపడి, యా రాత్రియే తానుగూడ బంగారమును గొనిపోయి బెందహార కిచ్చెను, అతఁడును గైకొనెను. కితూల్ తన ఋణము మాఫు చేయించుకొని, మఱల మూదలియారుకడకుఁ బోయి, సూరదేవన లంచమిచ్చినాఁడనియు నీ ప్రాణమునకే యపాయమనియుఁ జెప్పెను. మూదలియారు వెఱచి, బెందహార రాజద్రోహము దలపెట్టెనని లక్సమానతోఁ జెప్పెను. అతఁడు సుల్తానునకు విన్నవించెను. ముందే బెందహారపైఁ గినుక గల సుల్తాను విచారింపకయే 1510లో నాతనిని జంపించెను. పిదప నది యబద్ధమని తెలియఁగా మూదలియారును, కితూలును గూడఁ జంపఁబడిరి.

ఈ కథలో నెంతపాలు చరిత్రమో, యెంతపాలు కవికల్పనమో వేఱుచేయుట కష్టము. కాని దీని నుల్లేఖించినవాఁడు మలయరాజుల పక్షపువాఁడే. తనవారి దోషమును దాఁచలేదు. వాది ప్రతివాదులలో నెవ్వఁడును మొదట లంచమీయఁ దలఁపలేదు. ఎదుటివాఁ డిచ్చెనను వదంతి విన్నంతనే యిరువురును నమ్మిరి. అట్లు నమ్ముట కవకాశ మిచ్చినది యెవరు? తీర్పు బంగారముచే వంగునని యూరఁ బ్రసిద్ధి లేనిచోఁ గితూలు మాట చెల్లియుండదు. న్యాయము చెడుటకు ముందు న్యాయమునందలి విశ్వాసము చెడును. నలుగురు షాబందరుల నేర్పఱచి, వెలకట్టుటకుఁ బదిమందిని గూర్చుండఁబెట్టి శతాబ్దికాలము పెంచిన నమ్మకము, ఒక రాత్రియందు రెండు బంగారుమూటలతోఁ గూలినది.

మఱుసటియేఁటనే, 1511 ఆగస్టునెలలో, అల్ఫోన్సు అల్బుకర్కు నగరమును గొనెను. అందుకు సాకు 1509లో దియోగు లోపెష్ దె సెకేర తోడ వచ్చినవారిలోఁ గొందఱు మలక్కాయందుఁ జెఱపడుట. ఆ చెఱయందున్నవారికి సాయపడినవాఁడు క్లింగువర్తకుఁ డొకఁడు. పోర్చుగీసు లాతనిని నీనా చట్టు అని వ్రాసిరి. నగరము పడిన పిదప, ముసల్మానులు గాని వారి కాతనినే బెందహారగా నియమించిరి. పెగూదేశమునకుఁ బోర్చుగీసులు పంపిన తొలివర్తకపుటోడలో నాతని సొమ్మునుండెను. 1514లో నా పదవిని దొలఁగించి కంపార్ రాజునకిచ్చిరి. నీనా చట్టు అవమానమును సహింపక, తాను జేసిన సేవను జనులయెదుటఁ జెప్పి, సుగంధదారువులు పేర్చిన చితిలోఁ బ్రవేశించెనని పోర్చుగీసు చరిత్రకారులే వ్రాసియున్నారు. తన రాజును విడిచి పరుల కుపకరించినవాఁ డాపరులచేతనే త్యజింపఁబడెను. ఇతనిని వీరుఁడనుటయు, ద్రోహియనుటయు సులభము. తాను నమ్మిన మాట నిలువని యూరఁ జిక్కిన వర్తకుఁడనుట సత్యమునకు సమీపము.

కొండదిగువ నొక ద్వారము మాత్రము నిలిచియున్నది. ఫామోసయను పేరు గల పోర్చుగీసు కోట కిది శేషము. మసీదుల రాళ్లను, రాజుల సమాధులరాళ్లను దెచ్చి యాకోటను గట్టిరి. 1641 జనవరిలో నొలందావారు దానిని గొని, ద్వారముమీఁదఁ దమ చిహ్నమును 1670 అను సంవత్సరాంకమును జెక్కించిరి. 1807లో నాంగ్లేయులు కోటను బ్రద్దలుచేయింపసాగిరి. మఱుసటియేఁట మలక్కాకు వచ్చిన రాఫిల్సు అట్టిపనుల ననుచితమని వాదించెను. ద్వారము దక్కినది.

4. వంతెన కావలి వీథులు

వంతెన దాఁటినచో వర్తకుల పట్టణము. సుల్తానుల కాలమున దీనిని ఉపేహ్ అనిరి. పరదేశివర్తకులు పెక్కురిచటనే యుండిరి. ఇండ్లు తాటియాకులవి యగుటచే నగ్నిభయ మధికము. అందుచేత సరకునుంచుటకు నేలలో దిగఁగట్టిన కొట్లుండెను. వానిని మలయభాషలో గుదంగ్ అందురు. ఇది మన గిడ్డంగి, తమిళుల కిడంగు. ఇంగ్లీషువారు తూర్పురేవులన్నిటఁ జెప్పు గోడౌను శబ్దమునకును మూలమిదియే. కపల్ అను నోడపేరును, కెదై అను నంగడిపేరును దమిళమునుండి మలయభాష గ్రహించినవి.

ఈ భాగమున నొక్కవీథిలో మూఁడు దేవస్థానము లున్నవి. ఒకటి చీనావారి చెంగ్ హూన్ తెంగ్, 17వ శతాబ్దిది. రెండవది క్లింగు మసీదు. 1748లోఁ గొయ్యతోను, 1872లో నిటుకలతోను గట్టినది. దాని కప్పు మెట్లుమెట్లుగా నుండు జావాపద్ధతి, గోపురము చీనాపద్ధతి, స్తంభములు ఐరోపాపద్ధతి. మూఁడవది పొయ్యాద వినాయగర్ కోవెల. 1781లోఁ దైవనాయగం చిట్టి యనువాఁడు, ఒలందా ప్రభుత్వ మొసఁగిన స్థలమునఁ గట్టించెను. పొయ్యాద యనఁగాఁ దమిళమున బొంకనివాఁడని యర్థము. వర్తకులు కొలుచుటకుఁ దగిన దైవనామ మింతకంటె వేఱొకటి దొరకదు.

5. క్లింగులెవరు

ఇప్పుడు ప్రధానప్రశ్నము. కళింగశబ్దముయొక్క మొదటి యకారము హ్రస్వతరమై క్లింగ్, కెలింగ్ అను రూపములు పుట్టెననుట నిర్వివాదము. జావాద్వీపమున 11వ శతాబ్దియం దైర్లంగరాజు వేయించిన శాసనములలోఁ బరదేశివర్తకుల పట్టిక గలదు. అందు క్లింగులు వేఱు, సింహళులు వేఱు, ద్రావిడులు వేఱు. కాఁబట్టి యానాఁడు జావాయందుఁ గ్లింగుశబ్దము తమిళులకంటె భిన్నమగు నొకజనమును దెలుపుచుండెను. గోదావరికి నుత్తరముననున్న కళింగతీరమువారని యచటఁ జెప్పుట యుక్తము. అందుఁ దెలుఁగువారును, నోఢ్రులును జేరుదురు.

మలక్కాలోనో, సంగతి మాఱినది. అచ్చటి క్లింగుల పేళ్లు పరీక్షింపుఁడు. మూదలియారు తమిళము. నీనా యన్నది తమిళుల గౌరవపదమగు నయినారు. తైవనాయగం, పొయ్యాద – ఇవి తమిళరూపములే. సూరదేవన యన్నది సంస్కృతమగుటచే నేపక్షమునకును సాక్ష్యమీయదు. క్లింగు మసీదు తమిళముసల్మానులతో సంబంధించినది. ఇట్లుండ మలక్కా క్లింగులందఱు తెలుఁగువారని చెప్పుట ప్రమాణవిరుద్ధము.

శబ్దము కళింగమైయుండఁగా నర్థము తమిళుఁడెట్లగును? ఇది శాస్త్రజ్ఞుల కాశ్చర్యము గాదు. కాకులనుండి పెరుగును గాపాడుమన్నచో, పిల్లినిఁ దోలవలదని యెవ్వఁడును గ్రహింపఁడు. కాకశబ్దము పెరుగును జెఱచు ప్రాణుల కెల్ల నుపలక్షణము. అట్లే తొలుత నెఱిఁగిన తీరమువారి పేరు, పిదప నాదిక్కునుండి వచ్చిన వారికందఱికిని జెల్లినది. మనమును నట్లే చేసితిమి. ఫ్రాంకులు ఐరోపాయం దొక జనము. ఆ పేరు అరబ్బులద్వారా వచ్చి, మనకుఁ బోర్చుగీసు మొదలగువారందఱు పరంగులైరి. యవనశబ్దమున కిట్టి చరిత్రమే కలదు. యోగముకంటె రూఢి బలీయమను న్యాయమున కివి యుదాహరణములు. శబ్దవ్యుత్పత్తి చూచి జననిర్ణయము చేయువారు రూఢిని విస్మరింతురు.

దీనికిఁ బ్రతిదృష్టాంతము బర్మాలోఁ గలదు. అచటఁ దెలుఁగువారిని కొరంగీ లనిరి. అది గోదావరిముఖముననున్న కోరంగిరేవు పేరు. కోరంగినుండి యోడనెక్కినవారిలోఁ బెక్కండ్రు తెలుఁగువారే యగుటచే నక్కడ శబ్దమును జనమును గలిసినవి. ఒక రేవున నొకపేరు నిజమైనచో వేఱురేవున నట్టిపేరు నట్లే నిజము గావలెనను నియమము లేదు.

మఱియొకటి. ఈ క్లింగుశబ్దము నేఁడు మలేసియాయందు హిందూదేశసంతతివారి నవమానించు పలుకుగాఁ బరిగణింపఁబడుచున్నది. ప్రాఁతవీథిపేరుగాను, శాసనపదముగాను దాని నుచ్చరించుట వేఱు. మనుష్యుని నట్లు పిలుచుట వేఱు. ఒక రాజ్యనామము తిట్టుగా మాఱినది. వ్యుత్పత్తి యుదాత్తమైనంతమాత్రమునఁ దిట్టు తిట్టు కాకపోదు. ఆ పేరు విని గర్వించు యాత్రికుఁ డా పేరుచే నొచ్చినవారి నెదుటఁ బెట్టుకొని మాటాడవలయును.

6. తెలుఁగునేలకుఁ జెందిన పాలు

అట్లయినచో మలక్కాలోఁ దెలుఁగునేలకు భాగమే లేదా? కలదు. అది పేరులోఁగాక మూటలోఁ గలదు. మొలుక్కాద్వీపముల లవంగములకును, బాందాద్వీపముల జాజికాయ జాపత్రులకును బదులుగా నచ్చటివారు కోరినది ముఖ్యముగా వస్త్రము. గూర్జరవస్త్రములతోపాటు చోళమండలతీరపు టద్దకపుఁజీరలును, నేఁతవస్త్రములును మలక్కాకుఁ బోయి, యటనుండి ద్వీపాంతరముల కెగుమతియయ్యెడివి. పోర్చుగీసు లెక్కలలోఁ బ్రళయకావేరి, అనఁగాఁ బులికాటు, బట్టలపేరు ప్రసిద్ధము. ఆ రేవు నాఁడు విజయనగరరాజ్యములోనిది. తరువాత మచిలీపట్టణపు టద్దకములు ఖ్యాతికెక్కెను. కృష్ణాముఖమందలి యిసుకనేలలలోఁ బండిన చిరివేరు ఆ బట్టల కెఱ్ఱరంగు నిచ్చినది. ఒలందావారు 1605లో మచిలీపట్టణమునను, మఱుసటియేఁటఁ బెదపల్లియనఁబడు నిజాంపట్టణమునను వర్తకశాలల స్థాపించిరనఁగా, ద్వీపముల సంబారములకు వెల యీవస్త్రములే యని వారెఱిఁగిరన్నమాట. మలక్కాలో బేరమాడినవాఁడు చెట్టియో, చూలియాయో. వాఁడు విప్పిన మూటలోనిది సాలెవాని నేఁతయు, అద్దకపువాని చేతిపనియు. వారి పేళ్లు నేపట్టికయందును లేవు. యశస్సు కోరువా రిచట వెదకవలెను.

7. ఉపసంహారము

నడక గజబరాంగ్ అను చోటనున్న చిట్టిపేటలో ముగియును. పూర్వవర్తకులు మలయస్త్రీలను బెండ్లాడఁగాఁ గలిగిన సంతతివా రిచట నున్నారు. వారి యింటిభాష మలయము. దేవతలు వినాయకుఁడు, మారియమ్మ. 1822లోఁ గట్టిన మారియమ్మకోవెల వారిదే. భోగి, పొంగలి పండుగలను జేయుదురు. పూర్వుల భాష పోయినను పూర్వుల వ్రతము నిలిచినది. భాషయే జాతికిఁ బ్రాణమని వాదించువారు వీరిని జూచి కొంచె మాలోచింపవలసియున్నది.

మలక్కా వర్తకమో, నిలువలేదు. పోర్చుగీసులు ముసల్మాను వర్తకులను బాధింపఁగా వారు ఆచే, జొహోరు, బంతాం రేవులకుఁ దొలఁగిరి. ఒలందావారు బతావియాను బెంచి దీనిని గావలికోటగా నుంచిరి. 1786లోఁ బినాంగును, 1819లో సింగపూరును నాంగ్లేయులు స్థాపించిరి. సుంకములేని సింగపూరు వర్తకులను లాగికొనెను. ఏటిమొగయును మెఱకవేసినది. 1824 నాఁటి యొడంబడికచే మలక్కా యాంగ్లేయుల వశమైనప్పటికి దాని పూర్వవైభవ మంతరించియుండెను.

ఏటిమొగ మెఱకవేయుటను రేవుపాటునకుఁ గారణముగాఁ జెప్పుట వాడుక. అది కొంతవఱకే నిజము. మలక్కానది యెన్నఁడును లోఁతైనది గాదు. పెద్దయోడలు దూరముననే లంగరువేయుచుండెను. అయినను 15వ శతాబ్దియందు వర్తకులు వచ్చిరి. తమవాఁడే షాబందరు, తమ యెదుటనే వెలనిర్ణయము, తెలిసిన సుంకము – ఇవి యుండుటచే వచ్చిరి. తీర్పు కొనఁదగినదని లోకమున కెఱుకపడిన నాఁటినుండి రేవు శిథిలమయ్యెను. ఫిరంగు లాపైని వచ్చినవి. మోటుపల్లిశాసనము శిలపై నిలిచియున్నది, మోటుపల్లిరేవు లేదు. మలక్కాధర్మములు గ్రంథమున నున్నవి, మలక్కావర్తకము లేదు. వ్రాఁతయం దభయమిచ్చుట సులభము, దినదినము దానిని జెల్లించుట దుర్లభము. బొంకని దేవునికిఁ గోవెల గట్టిన వర్తకు లీవిషయమును జక్కఁగా నెఱిఁగినవారే.